పాత టీవీ యూనిట్ మీద మూడడుగుల చేపల తొట్టె: పని డైరీ

జనవరి 4, 2025, శనివారం

టీవీని గోడకు బిగించినప్పటి నుంచి హాలులో ఖాళీగా ఉన్న టీవీ యూనిట్‌ను ఈ భోగికి ముందే బయట పెట్టేద్దామని ఇంట్లో అనుకున్నాము. దానిని మంటలో వేసే ఉద్దేశం మాత్రం ఎవరికీ లేదు, ఎందుకంటే అది చెక్క కాదు, చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు. ఆ జిగురు కాలితే వచ్చే పొగ పిల్లలున్న వీధిలో పీల్చదగినది కాదు. ఈలోగా మా అమ్మాయి చాలాకాలంగా అడుగుతున్న చేపల తొట్టె మాట మళ్లీ వచ్చింది. మేముండే అయనావరం నుంచి కొళత్తూరు దగ్గరే, చెన్నైలో రంగుచేపల వ్యాపారానికి అదే పెద్ద కేంద్రం. అక్కడ 36 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ఉన్న గాజు తొట్టె ఒకటి చూసి వచ్చాము. దానికి తగిన ఇనుప స్టాండు కూడా అక్కడే దొరుకుతుంది గాని, సముద్రపు గాలి తగిలే ఈ ఊరిలో రంగు లేచిన చోటల్లా ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో మా బాల్కనీ గ్రిల్లు చూస్తే తెలుస్తుంది. పైగా గొట్టాలు, మేత డబ్బాలు, ఫిల్టరు వైర్లు దాచుకోవడానికి తలుపున్న అర కావాలి. అందువల్ల ఈ టీవీ యూనిట్‌నే బలపరచి వాడుకోవచ్చా అన్న ఆలోచన వచ్చింది.

మొదట బరువు లెక్క వేశాను. 8 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 20 కిలోలు తూగుతుంది. ఈ తొట్టెలో ఐదు పలకలు కలిపి సుమారు ఒకటిన్నర చదరపు మీటర్లు ఉంటాయి గనుక ఖాళీ తొట్టే 31 కిలోలు. అంచు నుంచి రెండు అంగుళాలు వదిలి నీళ్లు నింపి, అడుగున రెండంగుళాల ఇసుక పరచి, పది కిలోల రాళ్లు పెడితే, ఇసుకా రాళ్లూ ఆక్రమించే చోటు తీసివేయగా నీళ్లు 117 లీటర్ల దగ్గర నిలుస్తాయి. ఇసుక 26 కిలోలు, మూత, ఫిల్టరు మరో ఐదు. అన్నీ కలిపితే దాదాపు 190 కిలోలు. ఎవరైనా ఆనుకొని లోపలికి వంగి చూస్తారు, పండుగ రోజున పిల్లలు చేరతారు గనుక 250 కిలోలు మోసేటట్టు తయారు చేయాలని నిర్ణయించుకున్నాను.

జనవరి 5, ఆదివారం

ఉదయం యూనిట్‌ను గోడ నుంచి ముందుకు లాగి, వెనుకా కిందా టార్చి వేసి చూశాను. పొడవు 106 సెంటీమీటర్లు, లోతు 40, ఎత్తు 60. పలకల మందం 15 మిల్లీమీటర్లు. వెనుక భాగాన్ని మూడు మిల్లీమీటర్ల అట్టలాంటి పలకతో మూసి చిన్న మేకులు కొట్టారు. ఇవన్నీ ఊహించినవే. ఊహించనిది పై పలక బిగింపు. అది రెండు పక్క పలకల మీద కూర్చోలేదు, వాటి మధ్యన ఉంది. రెండు చివరలా రెండేసి మినీఫిక్స్ తాళాలు (తిప్పితే పలకలను కలిపి బిగించే చిన్న లోహపు బిగింపులు), రెండేసి కొయ్య చీలలు, అంతే. పైన ఏ బరువు పెట్టినా అది నాలుగు చిన్న లోహపు తలలకు వేలాడుతుంది. నడుమ నిలువు పలక ఉంది గదా అనుకున్నాను. అది కింది పలక మీద నిలబడింది, ఆ కింది పలక కూడా పక్క పలకలకు వేలాడుతూ నేలకు ఐదు సెంటీమీటర్ల ఎత్తున గాలిలో ఉంది. అంటే బరువు పై నుంచి కిందికి దిగే దారి నేల దాకా రాకుండా మధ్యలోనే ఆగిపోయింది. టీవీకి ఇది చాలు, నీటికి చాలదు.

అనుమానం తీర్చుకోవడానికి మూడు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు నడుమ పెట్టాను. ముందు అంచుకు రెండు చివరలా చిన్న మేకులు కొట్టి దారం బిగించి, దారం తగిలే చోట పలక మీద పెన్సిల్ గీత గీశాను. రాత్రి పడుకునే ముందు గీత దారానికి రెండు మిల్లీమీటర్లు కిందకు దిగి ఉంది. తెల్లవారేసరికి ఐదయింది. బరువు అంతే ఉన్నా గంటలు గడిచేకొద్దీ వంపు పెరగడం ఈ బోర్డు స్వభావం. పుస్తకాల అరలు నడుమ ఎందుకు జారిపోతాయో అడిగేవారికి ఇదే జవాబు. అరవై కిలోలకే ఇలా ఉంటే 190 కిలోల సంగతి చెప్పనక్కర లేదు.

ఇక చివరి పరీక్షగా క్యాన్లు తీసేసి, యూనిట్ పై అంచును పక్కకు ఒక చేత్తో తోశాను. దాదాపు రెండు సెంటీమీటర్లు ఊగింది. నాకు అన్నిటికంటే భయం కలిగించింది ఇదే. పై పలక వంగితే కళ్లకు కనిపిస్తుంది, సరిచేసుకునే వ్యవధి ఉంటుంది. పక్కకు ఒరిగిపోవడం అలా కాదు. ఎవరో భుజం తగిలించిన క్షణంలో చతురస్రం వాలి, కీళ్లు ఊడి, తొట్టె మొత్తం నేల మీదకు వస్తుంది.

జనవరి 11, శనివారం

మా పక్క పోర్షన్‌లో ఉండే బాబాయి గారు పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో వడ్రంగ విభాగంలో పనిచేసి రిటైరయిన మనిషి. నెల్లూరు వైపు వారు. వారు వచ్చి యూనిట్ చుట్టూ ఒకసారి తిరిగి, మినీఫిక్స్ తలను వేలితో తట్టి, “అబ్బాయ్, మర ఉండేది బిగించేదానికి, మోసేదానికి కాదు. చెక్క చెక్క మీద కూర్చోవాల, ఆ చెక్క నేల మీద నిలబడాల,” అన్నారు. నేను కాగితం మీద గీసుకున్న బొమ్మలో కాళ్లకు పక్కనుంచి పట్టెలు తగిలించి మరలు బిగించినట్టు ఉంది. వారు దానిని కొట్టివేసి, కాళ్ల తలల మీద పట్టెలు పడుకునేటట్టు మార్చారు. తక్కిన పని అంతా ఈ ఒక్క మార్పును అనుసరించి నడిచింది.

ఒప్పుకున్న పథకం ఇది. లోపల ఆరు పైన్ కాళ్లు: నాలుగు మూలలా నాలుగు, ముందూ వెనుకా పొడవుకు సరిగ్గా మధ్యన ఒక్కొక్కటి. వాటి తలల మీద పైన్ పట్టెలతో చట్రం. పాత పై పలకను పూర్తిగా తీసివేసి, చట్రం మీద 18 మిల్లీమీటర్ల మెరైన్, అంటే నీటిని తట్టుకునే, ప్లైవుడ్. వెనుక అట్ట స్థానంలో 12 మిల్లీమీటర్ల ప్లై. పాత పార్టికల్ బోర్డు ఇక మీద ఒక్క కిలో కూడా మోయదు. అది తలుపుకూ పక్కలకూ ముసుగు మాత్రమే.

మధ్య కాళ్లు ఎందుకంటే, పట్టె మీద బరువు అంతటా సమానంగా పరచుకున్నప్పుడు ఆధారాల మధ్య దూరాన్ని సగం చేస్తే బరువు కూడా సగమవుతుంది, దూరం ఘనం మేరకు వంపు ఎనిమిదో వంతవుతుంది, రెండూ కలిసి వంపు పదహారో వంతుకు పడిపోతుంది. రెండు కర్ర ముక్కలకు ఇంతకంటే ఎక్కువ ఫలితం మరెక్కడా రాదు. పలక మందాన్ని రెట్టింపు చేసినా వంపు ఎనిమిదో వంతుకే తగ్గుతుంది.

మధ్యాహ్నం కలప కొన్నాము. బాబాయి గారు ప్రతి పట్టెనూ ఒక చివర కంటి దగ్గర పెట్టుకొని, మరో కన్ను మూసి, తుపాకి గురి చూసినట్టు చూసి, మెలితిరిగిన వాటిని పక్కన పెట్టేశారు. దుకాణంలోని కుర్రవాడు విసుక్కున్నా ఆయన తొందరపడలేదు. పదిహేను పట్టెల్లో ఏడు తీసుకున్నాము. ముడులున్నవి కాళ్లకు పరవాలేదు గాని పట్టెలకు కూడదని, ముఖ్యంగా కింది అంచున ముడి ఉంటే అక్కడే చిట్లుతుందని చెప్పారు.

ప్లైవుడ్ విషయంలో ఒక చోట ఇబ్బంది కలిగింది. ఒక దుకాణంలో ముద్ర ఏదీ లేని ముక్కను మెరైన్ అని చెప్పి ఇచ్చారు. మెరైన్ ప్లైకి భారతీయ ప్రమాణం ఐఎస్ 710, మామూలు ప్లైకి ఐఎస్ 303. పలక మీద ఐఎస్ఐ గుర్తుతో పాటు ఆ సంఖ్య ఉండాలి. ఐఎస్ 710 పరీక్షలో ప్లైని 72 గంటలు మరిగే నీటిలో ఉంచుతారు, పొరలు విడిపోకూడదు. మేము ఒక పెద్ద గిన్నెలో ఆ ముక్క నుంచి కోసిన అరచేయంత చెక్కను మూడు గంటలు ఉడికించాము. రెండో గంటలోనే అంచున పొరలు పుస్తకంలా విచ్చుకున్నాయి. దానిని వాపసు ఇచ్చి, వేరే చోట ముద్ర ఉన్న పలకలో మిగిలిన ముక్కలు తెచ్చుకున్నాము. వాటి చెక్కను కూడా అదే గిన్నెలో, అంతే సేపు ఉడికించాము. నీరు ఎర్రబడింది గాని పొర కదలలేదు.

జనవరి 12, ఆదివారం

నిన్న సాయంత్రం యూనిట్ కింది పలక మూల నుంచి కోసిన పార్టికల్ బోర్డు ముక్కను మగ్గు నీళ్లలో వేసి ఉంచాను. ఈ రోజు సాయంత్రం తీసి స్కేలుతో కొలిస్తే 15 మిల్లీమీటర్ల మందం 18 అయింది. గోటితో గీరితే తడిసిన బిస్కత్తులా పొడి రాలింది. రెండు ముఖాల మీద ఉన్న మెరుపు పొర మాత్రం చెక్కుచెదరలేదు. నీరు ముఖం నుంచి వెళ్లదు. కోసిన అంచుల నుంచి, మరల రంధ్రాల నుంచి వెళుతుంది. ఎండబెట్టినా అది మునుపటి మందానికీ బలానికీ తిరిగి రాదు.

ఈ ముక్కను చూశాక ఒక సందేహం తీరిపోయింది. కింది పలకను కోయకుండా, కాళ్లను దాని మీదే నిలబెట్టి, ఆ కాళ్ల కిందుగా నేలకు దిమ్మెలు పెడదామా అని ఆలోచిస్తూ వచ్చాను. పొడిగా ఉన్నంత కాలం పార్టికల్ బోర్డు నిలువు ఒత్తిడిని బాగానే తట్టుకుంటుంది, పని కూడా సగం తగ్గుతుంది. అయితే చేపల తొట్టె ఉన్న చోట ఏదో ఒక రోజు నీరు ఒలుకుతుంది, ఆ రోజు ఆరు కాళ్లలో ఒకదాని కింద బోర్డు మెత్తబడితే తొట్టె ఒక మూల కుంగుతుంది. అందువల్ల కింది పలకలో కాళ్లు దిగేటట్టు గాళ్లు కోసి, కాళ్లను నేరుగా నేల మీదే నిలబెట్టాలని తేల్చుకున్నాము.

జనవరి 15, బుధవారం, కనుమ

సెలవు గనుక రోజంతా పనిచేశాము. కాళ్లు కోయడంలో పొరపాటు చేశాను. ఒక్కొక్క కాలినీ టేపుతో విడిగా కొలిచి, 53 సెంటీమీటర్ల 2 మిల్లీమీటర్ల దగ్గర గీత గీసి, రంపంతో కోశాను. ఆరింటినీ చదునైన గ్రానైట్ గట్టు మీద పక్కపక్కన నిలబెట్టి, పైన స్కేలు పెడితే రెండు కాళ్ల మీద స్కేలు ఆనలేదు. ఒకటి ఒక మిల్లీమీటరు, మరొకటి రెండు మిల్లీమీటర్లు పొట్టిగా ఉన్నాయి. ఆ పొట్టి కాళ్లు ఉన్నా లేనట్టే, వాటి వంతు బరువు పక్క కాళ్ల మీద పడుతుంది, చట్రం మెలిపడుతుంది, ఆ మెలి చివరకు గాజు అతుకులకు చేరుతుంది.

బాబాయి గారు చెప్పిన పద్ధతిలో మళ్లీ చేశాము. టేపును పక్కన పెట్టి, ఒక సన్నని బద్దను సరైన పొడవుకు కోసి దానినే కొలత కర్రగా వాడి ఆరు కాళ్లకూ గీతలు పెట్టాము. గీతకు కాస్త బయటగా కోశాము. తర్వాత ఆరింటినీ కట్టగా చేర్చి, అడుగులు గోడకు తన్ని, రెండు క్లాంపులతో బిగించి, తలలన్నిటినీ ఒకేసారి చిత్రిక పట్టాము. అడ్డంగా కోసిన తల మీద చిత్రిక నడిచేటప్పుడు చివరి అంచు చిట్లకుండా ఒక పనికిరాని ముక్కను ఆనించి ఉంచారు. ఆ తర్వాత మూలమట్టం పెట్టి చూస్తే వెలుతురు పోయే సందు ఎక్కడా లేదు. పొట్టిగా కోసిన రెండు కాళ్ల స్థానంలో కొత్తవి వేశాము. ఆ పాత రెండూ వెనుక పలకకు ఆనుడు బద్దలుగా ఉపయోగపడ్డాయి.

చట్రానికి ఏడు సెంటీమీటర్ల ఎత్తున్న పట్టెలు వాడాము, వాటిని పడుకోబెట్టక నిలువుగా నిలిపాము. మూలల్లో పొడవు పట్టెలో సగం, అడ్డ పట్టెలో సగం కోసి ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాము. ఇలా చేస్తే అడ్డ పట్టె కూడా మరకు వేలాడకుండా కాలి మీదకే దిగుతుంది. ఉలితో ఆ గాడిని తీయడం ఎనిమిది చోట్ల కాస్త సమయం తీసుకుంది గాని, రెండు చెక్కలు చేతి ఒత్తిడికి కలిసి పట్టుకున్నప్పుడు వచ్చిన ఆ చిన్న శబ్దం కోసం నేను సాయంత్రం దాకా ఎదురుచూసేవాడినే.

జనవరి 18, శనివారం

బిగింపు. ముందుగా పైన్‌లో మరల కోసం సన్నని రంధ్రాలు వేసుకున్నాము. అలా వేయకుండా పార్టికల్ బోర్డు అంచులోకి నేరుగా దింపిన మొదటి మర బోర్డును రెండు పొరలుగా చీల్చింది. ఆ చీలికలో జిగురు పోసి క్లాంపుతో రాత్రంతా అదిమి ఉంచవలసి వచ్చింది. ఆ తర్వాత పక్క పలకల ముఖం నుంచి కాళ్లలోకి మాత్రమే మరలు వేశాము, అంచుల జోలికి పోలేదు. పైన్‌కు పైన్‌కు మధ్య ఫెవికాల్ మెరైన్ పూసి మర బిగించాము. పార్టికల్ బోర్డు మెరుపు పొర మీద ఆ జిగురు పట్టదు గనుక అక్కడ మరలే.

చట్రం పై అంచు పక్క పలకల కంటే రెండు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండేటట్టు చూశాము. ఇది కావాలని చేసినది. పై ప్లై చట్రం మీదే ఆనాలి, పక్క పలకలను తాకకూడదు. తాకితే బరువులో కొంత మళ్లీ పార్టికల్ బోర్డులోకి పోతుంది. ఆ రెండు మిల్లీమీటర్ల సందు బయటికి కనిపించకుండా ప్లై అంచుకు కింద సన్నని బద్ద అతికించాము.

నిలువు పలక తలుపు కబ్జాలను మోస్తున్నది గనుక దానిని ఉన్న చోటే ఉంచాము. ముందు మధ్య కాలు అందువల్ల ఆ పలకకు కాస్త పక్కగా, ఎడమ అరలోకి వచ్చింది. చూపుకు అంత ఇంపుగా లేదని ఇంట్లో అన్నారు. అది నిజమే, అయినా ఆ కాలిని కదిలించను.

వెనుక 12 మిల్లీమీటర్ల ప్లైని కాళ్లకూ చట్రానికీ ప్రతి 15 సెంటీమీటర్లకు ఒక మర చొప్పున బిగించాము. బిగించే ముందు ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపు పెట్టి రెండు కర్ణాలూ కొలిచాము. మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటే పొడవైన కర్ణం వైపు మూలను తట్టి సరిచేశాము. నాలుగు కర్రల చట్రం ఎంత బిగించినా ఒరగగలదు, త్రికోణం ఒరగలేదు. వెనుక మొత్తం పరచుకున్న పలక ఎటు చూసినా త్రికోణాలే ఉన్నట్టు పనిచేస్తుంది. వైర్ల కోసం పై మూలలో చిన్న గుండ్రని రంధ్రం ఒకటి మాత్రం వదిలాము. సగం పలక కోసి పెద్ద కిటికీ చేసుకుంటే ఈ బలమంతా పోతుంది.

చివరి మర బిగించాక పై అంచును మొదటి రోజు తోసినట్టే తోశాను. యూనిట్ ఊగలేదు, మొత్తంగా నేల మీద జరిగింది. రెండో సారి బాబాయి గారు భుజం పెట్టి తోశారు. అప్పుడూ అంతే.

జనవరి 19, ఆదివారం

నీటి నుంచి రక్షణ. కాళ్ల అడుగుల మీద ఒక చుక్క నీరు వేసి చూశాను. పట్టె పక్క ముఖం మీద వేసిన చుక్క గుండ్రంగా నిలిచి ఉండగా, అడ్డంగా కోసిన అడుగు మీద వేసిన చుక్కను చెక్క నాలుగైదు క్షణాల్లో తాగేసింది. మా ఇంట్లో రోజూ తడిగుడ్డతో నేల తుడుస్తారు గనుక రక్షణ మొదట కావలసింది ఈ అడుగులకే. ప్రతి కాలి అడుగుకూ జిగురును నీటితో పలచగా చేసి మూడు పూతలు పూసి, ఆరాక ఎనామిల్ వేశాము. పార్టికల్ బోర్డులో మేము కోసిన గాళ్ల అంచులకు ప్రైమరు, రెండు పూతల ఎనామిల్; కింది పలక చుట్టూ సందుల్లో సిలికోన్. పై ప్లైని ఇక్కడి పనివారు ఉప్పుత్తాళ్ అని పిలిచే గరుకు కాగితంతో నునుపు చేసి, అంచులతో సహా మూడు పూతలు పాలియురెథేన్ వార్నిష్ వేశాము.

పైన్ చెదలకు లోకువ. చెద మందు కొట్టించమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు, నేను ఒప్పుకోలేదు. చెదలకూ దోమలకూ వాడే పైరెత్రాయిడ్ మందులు చేపలకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. తొట్టె పెట్టే చెక్కకు అటువంటి మందు పూయడం నాకు సమ్మతం కాదు. రంగు పూత, నెలకు ఒకసారి టార్చి వేసి చూసుకోవడం, ఇవే నేను ఎంచుకున్న జాగ్రత్తలు.

జనవరి 25, శనివారం

మా వీధి చివర ఇల్లు కడుతున్న మేస్త్రీని అడిగి ఐదు సిమెంటు బస్తాలు ఒక రాత్రికి తెచ్చుకున్నాము. 250 కిలోలు. ఆయన మనుషులే మొదటి అంతస్తుకు మోసి, రెండు వరుసల్లో సర్ది పెట్టారు. పెట్టే ముందు చట్రం ముందు పట్టెకు మొదటి రోజులాగే దారం కట్టి గీత గీశాను.

రాత్రి తొమ్మిదికి గీతకూ దారానికీ మధ్య తేడా కంటికి కనిపించలేదు. ఉదయం ఆరింటికి స్కేలు పెట్టి, భూతద్దం పట్టుకొని చూస్తే అర మిల్లీమీటరు లోపే ఉంది. అదే యూనిట్ అరవై కిలోలకు ఐదు మిల్లీమీటర్లు వంగిన సంగతి నా పుస్తకంలోనే రాసి ఉంది.

ఇంటి నేల సంగతి కూడా ఇక్కడే రాసుకుంటున్నాను. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం నివాస గదుల నేలను చదరపు మీటరుకు 2 కిలో న్యూటన్ల, అంటే సుమారు 200 కిలోల, భారానికి రూపొందిస్తారు. మా తొట్టె, స్టాండు కలిపి 230 కిలోలు అర చదరపు మీటరు కూడా లేని చోట నిలబడుతుంది. ఆ అంకె గది మొత్తం మీద పరచుకున్న భారానికి చెప్పినది గనుక గదిలో ఇతర బరువులు లేని మూలలో ఇది ఆందోళన కలిగించదు. అయినా గది నడుమ కాకుండా, కింద దూలం నడిచే గోడకు ఆనించి పెట్టాలని నిశ్చయించాము. నాలుగడుగులకు మించిన తొట్టె అయితే ఇంజినీరును అడగకుండా పై అంతస్తులో పెట్టేవాడిని కాదు.

జనవరి 26, ఆదివారం

బస్తాలు తిరిగి ఇచ్చేశాక స్టాండును దాని చోటికి చేర్చాము. హాలు నేల బాల్కనీ తలుపు వైపు వాలు. రసమట్టం గాలి బుడగ పక్కకు జరిగింది గాని ఎంత వాలో దానితో తేలలేదు. మేస్త్రీ దగ్గర ఉన్న పారదర్శకమైన నీళ్ల గొట్టం తెచ్చి, రెండు చివరలూ స్టాండు రెండు అంచుల దగ్గర పట్టుకొని, నీటి మట్టం నిలిచే దాకా ఆగి గీతలు పెట్టాము: తలుపు వైపు నాలుగు మిల్లీమీటర్ల పల్లం. కాళ్ల కింద ఒక మిల్లీమీటరు మైకా ముక్కలు అవసరమైనన్ని పేర్చాము. మైకా కుళ్లదు, నలగదు. ప్రతి కాలి కిందా కాగితం దూర్చి లాగి చూశాము; ఏ కాలి కింద నుంచైనా కాగితం సులువుగా వచ్చిందంటే ఆ కాలు నేలను తాకడం లేదని అర్థం. ముందు మధ్య కాలు కింద వచ్చింది, అక్కడ మరో ముక్క పెట్టాము. సర్దుబాటు అంతా స్టాండు కాళ్ల కిందే జరగాలి. తొట్టె మూల కింద అట్ట ముక్క దోపడం గాజును ఒక బిందువు మీద నిలబెట్టడమే.

ఇది అడుగున ఫ్రేము లేని గాజు తొట్టె గనుక ప్లై మీద పది మిల్లీమీటర్ల ఫోము షీటు పరచి, చీపురుతో రెండుసార్లు ఊడ్చి, అరచేత్తో అంతటా తడిమి, ఇసుక రేణువు కూడా లేదని చూసుకున్నాక తొట్టె దించాము. తొట్టెకు నీటి పరీక్ష రెండు రోజుల ముందే బాల్కనీలో జరిగింది.

నాలుగు విడతలుగా నింపాము. మొదటి పావు పోశాక గంట ఆగి దారం చూశాము, కాగితం లాగి చూశాము, గాజు అంచుల్లో నీటి మట్టం రెండు చివరలా కొలిచాము. సగానికి నింపాక తలుపు కొద్దిగా పట్టేసింది. చట్రం కాలు కబ్జా పక్కన ఆనడం వల్ల అని తెలిసి, తలుపు అంచును అర మిల్లీమీటరు తోమి, మళ్లీ రంగు వేశాను. సాయంత్రానికి పూర్తిగా నిండింది. తొట్టె రెండు చివర్లలోనూ పై అంచు నుంచి నీటికి దూరం 50 మిల్లీమీటర్లు, 50 మిల్లీమీటర్లు. మా అమ్మాయి తనే స్కేలు పెట్టి చదివింది.

ఖర్చు: ప్లై, పైన్, జిగురు, మరలు, రంగులు, ఫోము అన్నీ కలిపి 3,200 రూపాయలు. పాత పై పలక కుడి అరలో షెల్ఫుగా మిగిలింది.

ఫిబ్రవరి 2, ఆదివారం

విద్యుత్తు పని. ఎక్స్‌టెన్షన్ బోర్డును కింద పెట్టక, లోపలి పక్క పలకకు ఎత్తున బిగించాను. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందకు ఒక వంపు దిగి మళ్లీ పైకి వెళ్లేటట్టు కట్టాను. వైరు వెంట జారే నీటి చుక్క ఆ వంపు అడుగున రాలుతుంది, ప్లగ్గులోకి చేరదు. ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సరఫరాను ఆపే స్విచ్చి) ఉంది, పరీక్ష బొత్తాం నొక్కి చూశాను, వెంటనే పడిపోయింది.

ఫిల్టరు నడుస్తోంది. చేపలు ఇంకా లేవు; అమ్మోనియాను నైట్రైటుగా, దానిని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ వ్యవధి స్టాండుకు కూడా పరీక్షే అనుకున్నాను.

మార్చి 9, ఆదివారం

నిన్న కొళత్తూరు నుంచి ఆరు మాలీలు, ఎనిమిది గప్పీలు వచ్చాయి. మా బోరు నీటి గట్టిదనాన్ని సహజంగా ఓర్చుకునే చేపలు గనుక వీటిని ఎంచుకున్నాము.

స్టాండుకు ఆరు వారాలు నిండాయి. ముందు పట్టె దారం వద్ద తేడా ఒక మిల్లీమీటరు. మొదటి రెండు వారాల్లో కొంత దిగి, ఆ తర్వాత నాలుగు ఆదివారాలుగా అక్కడే ఉంది. గత వారం నీళ్లు మార్చేటప్పుడు గొట్టం జారి దాదాపు రెండు లీటర్లు వెనుకవైపుకు పోయాయి. కింది పలకను తుడిచి, టార్చి వేసి, కోసిన గాళ్ల అంచులన్నిటినీ వేలితో తడిమాను. ఒక్క చోట, కుడి వెనుక గాడి దగ్గర, ఎనామిల్ కింద బియ్యపు గింజంత ఉబ్బు కనిపించింది. అది కాలికి తాకదు, ఏ బరువూ మోయదు. రెండు రోజులు ఫ్యాను గాలికి ఆరనిచ్చి, ఉబ్బును గీకి, ప్రైమరు, ఎనామిల్ మళ్లీ వేశాను.

తొట్టె పై అంచుకు సరిగ్గా ఎదురుగా గోడ మీద రెండు చివరలా రెండు పెన్సిల్ గీతలు ఉన్నాయి. ఈ రోజు మా అమ్మాయి వాటి పక్కన చిన్న అక్షరాలతో 9-3 అని తేదీ వేసింది. తదుపరి కొలత ఏప్రిల్ మొదటి ఆదివారం.